అమ్మ కుర్చీ మీద నా కోటు

మా క్వయర్‌లో కుర్చీ మీద కోటు పెట్టకూడదు. బయట మంచు మోకాళ్ళ దాకా ఉన్నా సరే, అందరూ వెనక గదిలో కొక్కేలకు తగిలించి రావలసిందే. కెనడాలో మా విండ్సర్ ఊళ్ళో ఈ పాటల బృందాన్ని ఇరవై ఏళ్ళ పైనుంచి నడుపుతున్నాను. గొప్ప చెప్పుకోవడానికి మొహమాటపడే రకాన్ని కాదు కాబట్టి చెబుతున్నాను, ఇక్కడ నా మాటకు ఎదురుండదు. అలాంటిది ఈ చలికాలంలో కోట్ల నియమం పెట్టిన రోజు అందరూ మొహమొహాలు చూసుకున్నారు. సార్నియాలో కాలేజీ చదువు ముగించుకుని ఇక్కడ ఉద్యోగానికి వచ్చిన స్రవంతి అనే అమ్మాయి అడిగేసింది కూడా. "ఆంటీ, ఆ రూమ్‌లో హీటర్ పనిచేయట్లేదు. వెళ్ళేటప్పటికి కోటు ఐస్ అయిపోతుంది. చివర చెయిర్ ఖాళీగానే ఉంది కదా?" ఖాళీగా లేదన్నాను. అంతకు మించి చెప్పలేదు. చెప్పాలంటే ఇదంతా చెప్పాలి మరి.

దానికి ముందు వారమే ఇల్జే వచ్చి వెళ్ళింది. ఇల్జే మా ఓస్కార్ మాస్టారి కూతురు. మాస్టారిది లాత్వియా దేశం. యుద్ధంలో ఊరు విడిచి వచ్చి సార్నియాలో స్థిరపడ్డారు. పాటలు కట్టేవారు, క్వయర్ నడిపేవారు, నాకు సంగీతం నేర్పారు. మాస్టారు అన్నది మా ఇంట్లో పెట్టుకున్న పిలుపు. ఆయన పోయి పాతికేళ్ళవుతోంది. డెబ్భై అయిదు దాటిన ఇల్జే రెండు గంటలు తనే డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది. పక్క సీటులో ఒక అట్టపెట్టె పెట్టి దానికి సీటుబెల్టు కూడా వేసింది. ఇల్లు అమ్మేస్తున్నానని, అటక మీద నాన్న కాగితాలు దొరికాయని చెప్పి, పెట్టె నా భోజనాల బల్ల మీద పెట్టింది. "ఇందులో ఒకటి నీకు సంబంధించింది. అందుకే వేరే ఎవరికీ ఇవ్వలేదు" అంది.

మాస్టారి కథ నాకు చిన్నప్పుడు ముక్కలు ముక్కలుగా తెలిసింది, ఒక్కో గురువారం ప్రాక్టీసులో ఒక్కో ముక్క. వాళ్ళ నాన్న పల్లెటూరి చర్చిలో ఆర్గన్ వాయించేవాడట. దాని తిత్తులకు గాలి కొట్టే పని ఈయనది. రీగా పట్టణంలో సంగీతం చదువుతుండగా యుద్ధం ముంచుకొచ్చింది. ఒక సూట్‌కేసుతో, శ్రుతి చూసుకునే ఒక ట్యూనింగ్ ఫోర్కుతో ఓడెక్కి, తిరిగి తిరిగి జర్మనీలో కాందిశీకుల శిబిరానికి చేరారు. అక్కడ చేసేందుకు పని లేదు, వెళ్ళేందుకు దేశం లేదు. అందుకని బారకాసుల్లో ఊరికే కూర్చున్న మనుషుల్ని పోగేసి క్వయర్ కట్టారు. చిక్కేమిటంటే ప్రతి వారం ఎవరో ఒకరికి కాగితాలు వచ్చేవి. ఒకరు ఆస్ట్రేలియాకి, ఇంకొకరు కెనడాకి. పోయిన వారం నలుగురున్న వరసలో ఈ వారం ఇద్దరే మిగిలేవారు. రాసిన పాట రాసినట్టు పాడే వీలే లేదు. అప్పుడు మొదలైంది ఆయన పద్ధతి. సంగీతం రాసేవాళ్ళు ఎవరైనా కాగితం పక్కన సోప్రానో, ఆల్టో అని గొంతుల పేర్లు రాస్తారు. ఈయన మనుషుల పేర్లు రాసేవారు. ఎవరైనా వెళ్ళిపోతే ఆ పేరు రబ్బరుతో చెరిపి, మిగిలినవాళ్ళకు సరిపోయేలా పాటంతా మళ్ళీ కట్టేవారు. "సోప్రానో అనే మనిషి నాకెక్కడా కనిపించలేదు. మిర్జా అనే అమ్మాయి కనిపించింది. అందుకని మిర్జాకి రాశాను" అనేవారు తన వచ్చీరాని ఇంగ్లీషులో.

సార్నియాలో ఆయన బతుకుతెరువు రసాయనాల ఫ్యాక్టరీలో గొట్టాలకు వాల్వులు బిగించడం. ముప్పై ఏళ్ళు అదే పని. పాడైపోయిన షిఫ్టు కాగితాల వెనకవైపు గీతలు గీసుకుని పాటలు రాసేవారు. ఆయన ఇచ్చిన కాగితం తిప్పి చూస్తే ఎవరు ఏ పూట ఏ ట్యాంకు దగ్గర ఉన్నారో తెలిసేది. మా నాన్నదీ అదే ఫ్యాక్టరీ, ఇంజనీరు. గుంటూరు నుంచి మేం వచ్చేటప్పటికి నాకు పదమూడేళ్ళు, తమ్ముడు చంటివాడు. ఆ ఊరికి ఒక వాసన ఉండేది, గాలి నది వైపు నుంచి వీస్తే కుళ్ళిన గుడ్ల వాసన, అటు నుంచి వీస్తే కాలిన రబ్బరు వాసన. మా అమ్మ సుగుణమ్మ ఆ రెండింటినీ ఇంగువ పోపుతో ఓడించేది. పొద్దున్నే లేవగానే ముందు స్టవ్ మీద కాఫీ, తర్వాత తమ్ముడి పాలు, తర్వాత నా తల. కొబ్బరినూనె దొరక్క ఏదో వంటనూనె రాసి, చెవులు లాగినంత గట్టిగా రెండు జడలు వేసేది. గురువారం నాడు మాత్రం సాయంత్రం బడి నుంచి రాగానే మళ్ళీ విప్పి మళ్ళీ వేసేది. ఆ రోజు క్వయర్ ప్రాక్టీసు.

అమ్మ గుంటూరులో మా లూథరన్ చర్చిలో హార్మోనియం పక్కన నిలబడి కీర్తన ఎత్తుకునే మనిషి. ఆమె ఎత్తుకుంటే మిగతా చర్చి అందుకోవడం అక్కడి ఆనవాయితీ. సార్నియాలోనూ లూథరన్ చర్చి ఉందని తెలిసి మొదటి ఆదివారమే పట్టుచీర కట్టుకుని వచ్చింది. లాత్వియా, ఎస్తోనియా, జర్మనీ వాళ్ళు నిండిన చర్చి అది. వాళ్ళు పాడిన పాట మా ఊళ్ళో తెలుగు మాటలతో పాడుకునేదే. అమ్మ మొహం వెలిగిపోయింది. గొంతెత్తి మన పద్ధతిలో పాడింది. ప్రతి చరణం చివరా స్వరాన్ని ఊపి, సాగదీసి, కిందకి జార్చి, మళ్ళీ పైకి తెచ్చి దించింది. చర్చి అంతా ఆపేశాక కూడా అమ్మ ఒక్కతే ఇంకా పాడుతోంది. ముందు బెంచీలో నా వయసు ఆడపిల్లలు వెనక్కి తిరిగి చూసి మోచేతులతో పొడుచుకున్నారు. నేను పాటల పుస్తకంలో తల దూర్చేసి, లేని పేజీ ఏదో వెతుకుతున్నట్టు నటించాను. సిగ్గుతో చచ్చిపోయాను. అమ్మని చూసి సిగ్గుపడ్డాను. ఇంతకంటే మెత్తగా చెప్పే మాట నాకు దొరకలేదు.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర మాస్టారు నన్నాపారు. అమ్మ నాలుగడుగుల దూరంలో తమ్ముణ్ణి ఎత్తుకుని నిలబడి ఉంది. ఆమెకి ఇంగ్లీషు రాదు, ఆయన ఇంగ్లీషు ఆయనకే అంతంత మాత్రం. ఇద్దరి మధ్యా ఉన్నది నేను. "గురువారం ప్రాక్టీసుకి నువ్వు రా. మీ అమ్మగారిని తప్పకుండా తీసుకురా. ఆవిడకి కుర్చీ పెట్టి ఉంచుతాను" అన్నారు.

"ఏమంటున్నాడే ఆయన?" అంది అమ్మ.

"క్వయర్‌లో నన్ను చేరమంటున్నారు. పెద్దవాళ్ళకి ఖాళీ లేదట. నొటేషన్ చదవడం వచ్చినవాళ్ళే కావాలట" అన్నాను.

"ఓహో. సర్లే, నువ్వన్నా నేర్చుకో" అంది. ఆయన వైపు చూసి చేతులు జోడించింది. ఆయన నా వైపు తిరిగితే, తమ్ముడు చంటివాడు, అమ్మకి గురువారాలు కుదరవు అని చెప్పాను. మంచిది, ఎదురుచూస్తాం అన్నారాయన. ఇదంతా చెప్పడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు.

క్వయర్‌లో చేరిన ప్రతి మనిషి ఇంటికీ మాస్టారు ఒకసారి వెళ్ళేవారు. పాడమని అడిగేవారు కాదు. మీ పని మీరు చేసుకోండి అని ఒక మూల కూర్చునేవారు. పనిలో పడి కూనిరాగం తీసేటప్పుడు గొంతు ఎక్కడ నిలబడుతుందో అదే ఆ మనిషి అసలు శ్రుతి అని ఆయన నమ్మకం. మా ఇంటికి వచ్చినప్పుడు వాళ్ళ పెరట్లో కోసిన ఆకుకూర ఒక సంచీడు తెచ్చారు. వాళ్ళు దాంతో పుల్లటి సూపు కాచుకుంటారు. అమ్మ ఆకు తుంచి నోట్లో వేసుకుని, "చుక్కకూరే!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆకు కొంచెం వెడల్పు, అంతే తేడా. ఏడాది తర్వాత చూసింది మరి. నేను సింకు దగ్గర గిన్నెలు తోముతూ, ఆయన వింటున్నారని తెలుసు కాబట్టి, ఇంగ్లీషు పాట ఒకటి దర్జాగా పాడుతున్నాను. అమ్మ వెనక నేల మీద కూర్చుని ఆకు ఒలుస్తూ, తనకి తెలియకుండానే ఏదో తెలుగు కీర్తన తీసింది. మాస్టారు ట్యూనింగ్ ఫోర్కుని మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నారు. నవ్వుకుని జేబు పుస్తకంలో ఏదో రాసుకున్నారు. నా గొంతు గురించే అనుకుని నేను ఇంకాస్త గట్టిగా పాడాను.

ఆ గురువారాలు నా బాల్యంలోకెల్లా బంగారు రోజులని ఒప్పుకోవాలి. చర్చి కింద గదిలో పంతొమ్మిది మందిమి. నేల మీద కొవ్వొత్తి మైనం వాసన, మాస్టారి భార్య తెచ్చే నల్లరొట్టెలో సోంపులాంటి గింజల వాసన. ఇల్జే అప్పటికి ఇరవై దాటిన పిల్ల, నా ముందు వరసలో నిలబడేది. మాస్టారు తాళం చూపే కర్ర వాడేవారు కాదు, చెవి వెనక పెట్టుకునే పెన్సిలే ఆయన కర్ర. పాటలో ఏ మాటకైనా అర్థం తెలియకుండా పాడితే ఒప్పుకునేవారు కాదు. ముందు ఆ మాట నీ భాషలో చెప్పు, తర్వాత పాడు అనేవారు. లాత్వియా మాట ఒక్కొక్కటి నాతో తెలుగులో పలికించి తలూపేవారు, తనకి ఏం అర్థమయ్యేదో ఏమో. నా వరస చివర ఒక కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉండేది. రాగానే నా కోటు తీసి దాని మీద పడేసేదాన్ని. నాలుగేళ్ళు పడేశాను. ఒక్కసారి కూడా ఎవరూ తీయమనలేదు. ప్రతి ఏడాదీ శరదృతువులో మాస్టారు అడిగేవారు, "ఈ సంవత్సరం మీ అమ్మగారికి వీలవుతుందా?" తమ్ముడు ఇంకా చిన్నవాడు అనేదాన్ని. వాడు స్కేట్లు కట్టుకుని హాకీ ఆడుతున్న రోజుల్లో కూడా మా క్వయర్ లెక్కలో వాడు చంటివాడే.

అమ్మ చర్చికి రావడం మానలేదు. పాటల పుస్తకం తెరిచి పట్టుకుని పెదవులు కదిపేది, గొంతు బయటికి వచ్చేది కాదు. ఇంట్లో కొన్నాళ్ళు కూనిరాగం వినిపించింది, తర్వాత అదీ తగ్గింది. నేను పట్టించుకోలేదు. నా సంగీతం నాకు, నా పరీక్షలు నాకు. యూనివర్సిటీకని విండ్సర్ వచ్చాను, మందుల షాపులో ఉద్యోగం చేశాను, ఆదివారాలు క్వయర్ నడిపాను. నా పిల్లలకి అమ్మ మాట అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో చెబుతారు. మనవలకి అది కూడా లేదు. ఇప్పుడెవరికీ మనిషి ఇంటికి వెళ్ళి మూల కూర్చుని వినే తీరిక లేదు. ఫోన్‌లో రికార్డు చేసి పంపమంటాను, వాళ్ళు పంపుతారు, నేను కారులో వింటాను. పని జరిగిపోతుంది. బాగానే జరుగుతుంది కూడా. కానీ ఎవరి గొంతు వంటింట్లో ఎక్కడ నిలబడుతుందో నాకు తెలియదు.

ఇక ఇల్జే తెచ్చిన పెట్టె సంగతి. అందులో నుంచి ఒక బొత్తి తీసి నా ముందు పరిచింది. ఇరవై పేజీలకు పైనే ఉంది, అన్నీ షిఫ్టు కాగితాలే. మొదటి పేజీ పక్కన పై నుంచి కిందకి పేర్లు. ఇల్జే పేరుంది, నా పేరు కరుణ ఉంది. లెక్కపెట్టాను, పంతొమ్మిది. వాటి కింద ఇరవయ్యో గీత. దాని పక్కన "సుగుణ". ఆ వరసలో స్వరం ఊగి, సాగి, కిందకి జారి, మళ్ళీ పైకి వచ్చి దిగుతోంది. మిగతా అందరూ ఆపేశాక ఆ ఒక్క గొంతే ఇంకా పాడుతోంది. దాని కింద మాటల్లేవు, పెన్సిల్‌తో లాత్వియా భాషలో ఒక వాక్యం ఉంది.

"మాటలు ఆవిడని అడగాలి, అని రాశారు" అంది ఇల్జే. "నాన్న రాసినవాటిలో పెద్దది ఇదే. ఒక్కసారి కూడా పాడించలేదు. ఎప్పుడడిగినా, ఒక మనిషి ఇంకా రాలేదు అనేవారు. ఆ పేరు చెరిపి మళ్ళీ రాయచ్చు కదా, అంతమందివి చెరిపారు కదా అన్నాను. వెళ్ళిపోయినవాళ్ళ పేరు చెరుపుతాను, రావలసినవాళ్ళ పేరు ఎలా చెరపను అన్నారు. నీ పక్కన చివరి కుర్చీ గుర్తుందా? అది ఆవిడదే."

ఇల్జే చెప్పుకుపోయింది. జనం లేక సార్నియా చర్చిని ఈస్టర్ తర్వాత మూసేస్తున్నారట. చివరి ఆరాధనలో ఈ పాట మా క్వయర్ పాడాలట. పంతొమ్మిది మందిలో మిగిలింది తనూ నేనే. చెరిపి రాయవలసిన పేర్లు నన్నే రాసుకోమంది. "మీ అమ్మగారు పాడతారా?" అని అడిగింది. అడుగుతానన్నాను.

అమ్మకి ఎనభై ఏడు. నాన్న పోయినప్పటి నుంచి నా దగ్గరే ఉంటోంది. అడగడమంటే ఆ కుర్చీ సంగతి చెప్పాలి, కుర్చీ సంగతంటే నా అబద్ధం చెప్పాలి. రెండు వారాలు నాన్చాను. ఈ లోపల చెరిపిన పేర్ల చోట మా వాళ్ళ పేర్లు రాశాను. చివరి కుర్చీ వేయించాను, దాని మీద కోటు పెట్టొద్దన్నాను. ఒక గురువారం స్రవంతి నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, ఈ లాస్ట్ లైన్ నేను ట్రై చేయనా? నా రేంజ్‌కి కరెక్ట్‌గా ఉంది" అంది. నిజంగానే సరిపోతుంది. మంచి గొంతు. సరే అని ఒక్క మాట అంటే అందరికీ సుఖం, అమ్మకి ఏమీ తెలియదు, మాస్టారు వచ్చి అడగరు. సరే అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆ అమ్మాయి చేతిలో కోటు ఉంది, ఎక్కడ పెట్టాలా అని చూస్తోంది. వద్దమ్మా, ఆ లైన్‌కి మనిషి ఉన్నారు అన్నాను.

మర్నాడు పొద్దున వంటింట్లో చెప్పేశాను. అమ్మ బల్ల దగ్గర కూర్చుని మెంతికూర ఒలుస్తోంది. ఆ చర్చి గుమ్మం దగ్గర మాస్టారు ఏమన్నారో, నేను తనకి ఏం చెప్పానో, ఆయనకి ఏం చెప్పానో, కుర్చీ, కోటు, అన్నీ వరసగా చెప్పాను. క్షమించమని కూడా అన్నాను. అమ్మ చేతులు ఆగిపోయాయి.

"గురువారం గురువారం నీకు జడ విప్పి మళ్ళీ వేసి పంపేదాన్ని కదే" అంది.

"అవునమ్మా."

"నాకు రాదనుకున్నాను. ఆ తెల్లోళ్ళ పాట ముందు మన పాట పనికిరాదేమో అనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను." ఆమె గొంతులో కోపం ఉంది. అది నాకు రావలసిందే కాబట్టి కదలకుండా కూర్చున్నాను. కాసేపటికి కొంగుకి చేతులు తుడుచుకుని, "ఏదీ, ఆ కాగితం ఇటివ్వు" అంది. నొటేషన్ ఆమెకి రాదు. తన పేరు ఎక్కడుందో చూపించమంది. ఆ పేరు మీద వేలు పెట్టి, "ఎట్టా ఉంటదో పాడు" అంది. పాడాను. రెండో చరణానికి ఆమె పెదవులు కదిలాయి. మూడో చరణం దగ్గర చెయ్యెత్తి ఆపింది.

"ఇది అయిదు శ్రుతి. అప్పటి గొంతు. ఇప్పుడు నాకు మూడు దాటితే గొంతు పగులుద్ది. దించు."

"నువ్వొక్కదానివే దిగితే కుదరదమ్మా. అందరికీ దించాలి. మగవాళ్ళ గొంతులు నేలలోకి పోతాయి."

"పోతే పోనీ. ఆయన రాసింది నా పేరు మీదే కదా. మాటలు కూడా నేనే చెప్తాను, రాసుకో. నిన్ను తిట్టడానికి ఇంకా టైముంది, ముందు ఇది కానీ."

పాటంతా మూడు శ్రుతికి దించి మళ్ళీ రాయడానికి నాకు పది రోజులు పట్టింది. తర్వాతి గురువారం అమ్మ వాకర్ నెట్టుకుంటూ ప్రాక్టీసుకి వచ్చింది. ఇల్జే అప్పటికే వచ్చి ముందు వరసలో తన చోటులో ఉంది. అందరూ లేచి నిలబడ్డారు. అమ్మ చివరి కుర్చీ దాకా నడిచి, కూర్చోబోతూ కోటు విప్పింది. స్రవంతి పరుగున వచ్చి, "ఇవ్వండి అమ్మమ్మగారూ, వెనక రూమ్‌లో పెడతాను" అంది.

"అక్కడ చలంట కదమ్మా. మా అమ్మాయి పట్టుకుంటుందిలే" అని అమ్మ ఆ కోటు నా చేతిలో పెట్టింది.

పెద్ద బరువేమీ లేదు. ఎడమ చేతి మీద వేసుకున్నాను. శ్రుతి ఇచ్చాను. ఆ సాయంత్రమంతా కుడిచేత్తోనే నడిపాను. అందరూ ఆపేశాక అమ్మ గొంతు ఇంకా సాగుతూనే ఉంది, ఎవరూ వెనక్కి తిరగలేదు. నేను చెయ్యి దించలేదు, ఆమె ముగించేదాకా.